వాన లెక్కలోకి రాదు

వారం రోజులుగా మా ఇంట్లో కుదురుగా కూర్చునే చోటు లేదు. మా అబ్బాయి హాల్లో బండలు పెరికించి టైల్స్ వేయిస్తున్నాడు. అవి బేతంచెర్ల బండలు. ఈ ఇల్లు కట్టినప్పుడు నేనూ మా ఆయనా లారీ ఎక్కి వెళ్లి ఏరుకొచ్చినవి. తుడిచి తుడిచి, నడిచి నడిచి నున్నగా తేలి, ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా పడుకోవడానికి హాయిగా ఉండేవి. ఇప్పుడు మేస్త్రీలు గడ్డపారతో ఒక్కొక్కటే లేపుతుంటే నా పళ్లు జివ్వుమంటున్నాయి. వంటింట్లోకి పోతే సిమెంటు మూటలు, పెరట్లోకి పోతే ఇసుక. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏం తిరుగుతావమ్మా, ఒకచోట కూర్చోరాదా" అని మా అబ్బాయి విసుక్కుంటాడు. కూర్చోవడం నాకు ఎప్పుడొచ్చింది గనక? నన్ను పెంచిన మనిషికే రాలేదు.

నిన్న సాయంత్రం వరండాలో పేర్చిన ఆ పాత బండల మీద కూర్చుని మా మనవరాలు షారోన్ బడి పని చేసుకుంటోంది. మూడో తరగతి. ఒక కాగితం మీద చిన్న కథ అచ్చువేసి ఉంది. ఎలుగుబంటి పిల్ల గొడుగు పోగొట్టుకుంటుంది, కుందేలు వచ్చి తన గొడుగు కింద చోటిస్తుంది. కథ కింద రెండు గళ్లు. ఒకదాని మీద 'సమస్య' అని, రెండోదాని మీద 'పరిష్కారం' అని రంగుల అక్షరాలు. షారోన్ పెన్సిలు కొరుకుతూ, "గొడుగు పోతే ఏమైతాది జేజీ? మనింట్లో గొడుగే లేదు గదా" అంది. కర్నూల్లో పుట్టిన పిల్ల, దాని మాటా నిజమే. కాసేపాగి, "సమస్యంటే ఏడుపొచ్చేదేనా?" అని మళ్లీ అడిగింది. నేను తిరగడం ఆపి దాని పక్కన కూలబడ్డాను. ఈ పాఠం నాకు కాగితం మీద చెప్పలేదు. బావిలో నీళ్లు చేదే చేంతాడుతో చెప్పారు.

చెప్పింది మా చిన్నమ్మ. పేరు దయామణి. మా అమ్మకు చెల్లెలు. నాకు ఊహ తెలియకముందే అమ్మ జ్వరంతో పోయింది. నాయన కడప వైపు ఒక ఊరి ఆసుపత్రిలో కాంపౌండరు. వేళాపాళా లేని డ్యూటీలు. అమ్మమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె కొన్నాళ్లు సాకింది గానీ నా అల్లరికి ఆమె ఓపిక చాల్లేదు. చిన్నమ్మ అప్పుడే టీచరు ట్రైనింగు ముగించి, బేతంచెర్లకు ఆవల ఒక మెట్ట పల్లెలో మిషన్ వాళ్ల బడిలో చేరింది. "నాలుగు దినాలు నాతో ఉంటాదిలే" అని నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆ నాలుగు దినాలు నాకు పెళ్లయ్యేదాకా సాగాయి.

బడి అంటే ఒకటే గది. గోడలు బండలు, పైకప్పు బండలు, కింద బండలు. ఆదివారం ప్రార్థన మందిరం, మిగతా రోజులు బడి. వెనకవైపు ఒక బండ అడ్డంగా నిలబెడితే అదే మా ఇల్లు. ఆ గదిలో కిరసనాయిలు వాసన, ఉతికిన చీరలకు పెట్టిన గంజి వాసన, పొయ్యిలో వేసే వేరుశనగ పొట్టు కాలే వాసన కలిసిపోయి ఉండేవి. ఎండాకాలం ఆ కప్పు పెనంలా కాగేది. తెల్లవారకముందే చిన్నమ్మ నన్ను లేపేది. కుండ, కొబ్బరి చిప్ప తీసుకుని వంకకు పోవాలి. వంకలో నీళ్లెక్కడివి, ఇసుకే. ఇసుక తోడి చెలమ తీస్తే అడుగున ఊరేది ఊరినంత. అది ఊరేదాకా మిగతా ఆడవాళ్లు చెంగు తల కింద పెట్టుకుని కునుకు తీసేవాళ్లు. మా చిన్నమ్మ మాత్రం చెలమ చుట్టూ తిరిగేది. ఆమె తిరుగుతూనే తినేది, తిరుగుతూనే పాఠం చెప్పేది, ప్రార్థనకు మోకాళ్లూనినా కాలి వేళ్లు ఆడుతూనే ఉండేవి.

మేం ఆ పల్లెకు పోయిన ఏడాదే బడి ముందున్న బావి ఎండిపోయింది. చేంతాడుకు పని లేకుండా పోయింది. చిన్నమ్మ దాన్ని విప్పుకొచ్చి బడిలో దూలానికి వేలాడగట్టింది. కథ చెబుతూ చెబుతూ, కథలో ఎవరికో ఒకరికి ఇబ్బంది వచ్చేసరికి ఠక్కున ఆగి తాడుకు ఒక ముడి వేసేది. "ముడి యాడ పడిందిరా? యెవురికి పడింది?" అని అడిగేది. ముందు అది చెప్పాలి. తర్వాత అది ఎట్లా విడిపోతుందో చెప్పాలి. చెప్పింది బాగుంటే, చెప్పిన పిల్లో పిల్లవాడో లేచి వచ్చి తన చేత్తోనే ముడి విప్పాలి. బాగుండకపోతే చిన్నమ్మ ఆ ముడిని ఇంకొంచెం బిగించేది. పిల్లలకు అది ఆటే. ఆ తాడు పట్టుకోవడం కోసం పలక కూడా ముట్టని వాళ్లు కథలు వినేవాళ్లు. ట్రైనింగులో ఇట్లాంటిది ఎవరూ చెప్పలేదని, వేలాడుతున్న తాడును చూస్తే తోచిందని ఆమే ఒకసారి నాతో అంది.

చిక్కల్లా ఒక్కటే. ఏ ముడి వేసినా మా పిల్లలు విప్పే తీరు ఒకటే. ఒక ముసలమ్మ కోడి పక్కింట్లో పోయి గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు ఎవరిది? "వానొస్తే కోడి తడిసి ఇంటికొచ్చేస్తాది టీచరమ్మా!" ఒక గొర్రెల కాపరి కుక్క మొరగడం మానేసింది, ఏం చేయాలి? "వాన పడితే గడ్డి మొలుస్తాది, గొర్రెలు యాటికీ పోవు, కుక్కతో పనేముండాది?" ఒక రాజు కోటను శత్రువులు చుట్టుముట్టారు. దీనికేం చెబుతారో అని చిన్నమ్మ ముడి రెట్టింపు బిగించింది. వెనక వరుసలో మద్దిలేటి అనే పిల్లవాడు తడుముకోకుండా లేచాడు. "వాన పడిందంటే అందరూ సేద్యానికి పోతారు. ఇంగ యుద్ధం యెవురు జేస్తారు?" అన్నాడు. బడి బడంతా చప్పట్లు. చిన్నమ్మకు నవ్వూ ఆగలేదు, కోపమూ ఆగలేదు.

ఆరోజే ఆమె శాసనం చేసింది. "ఇంగ మీదట వాన లెక్కలోకి రాదు. వాన మన చేతిలో లేదు. కథలో ఉండేవాళ్లే యేదో ఒకటి చెయ్యల్ల. మాట్లాడల్ల, నడవల్ల, అడగల్ల, కొట్లాడల్ల, యేదన్నా సరే. ఆకాశం దిక్కు చూసేది కాదు." పిల్లలు బిక్కమొహం వేశారు. ఉన్న ఒక్క జవాబూ పోయిందాయె. అప్పుడు సుంకులమ్మ లేచింది. నాకంటే కొంచెం పెద్దది. ముక్కు చీదుతూనే ఉండేది గానీ బుర్ర పాదరసం. "అట్లయితే మా నాయన యేం జెయ్యల్ల టీచరమ్మా? విత్తనాలు యేసి కూర్చోనుండాడు" అంది. ఆ సాయంత్రం ఆమె రొట్టె చేతిలో పట్టుకుని బడి చుట్టూ చీకటి పడేదాకా తిరిగింది.

ఈ సంగతి పాస్టరయ్యగారి దాకా పోయింది. బడికి మేనేజరు ఆయనే. నెలకోసారి సైకిలు మీద వచ్చేవాడు. మంచివాడే గానీ, మాటను బెల్లంలా చప్పరించి గానీ వదలడు. "దేవుడు పంపే వానను లెక్కలోకి రాదంటివంట. ప్రార్థన బలంతో వాన రాలేదా అమ్మా, మన బైబిల్లో?" అన్నాడు. చిన్నమ్మ తల దించుకునే, "ప్రార్థన చేసినాయప్ప కథలో మనిషే గదా అయ్యగారూ. ఆయన గమ్మున కూర్చోలేదు, యేదో ఒకటి చేసినాడు" అంది. పాస్టరయ్య చెలమ నీళ్లు ఇంకో చెంబు తాగి సైకిలెక్కాడు.

అవ్వ ఏటా కోతల కాలం అయ్యాక కడప నుంచి వచ్చేది. వస్తూనే బండ మీద కాళ్లు చాపి, చిన్న రోట్లో ఆకూవక్కా దంచుకునేది. ఆమె పళ్లు ఎప్పుడో పోయాయి. టక్ టక్ మని ఆ రోలు చప్పుడు మొదలైందంటే చిన్నమ్మ లేచి తిరగడం మొదలుపెట్టేది. ఎందుకంటే దంచడం అయ్యాక అవ్వ ఎత్తే మాట ఒకటే. "అక్క బిడ్డకు అమ్మవు గావల్ల. మీ బావ యెన్నాళ్లు ఒంటిగా ఉంటాడు? పరాయిది వచ్చి ఈ పిల్లదాన్ని అన్నం పెట్టక సంపితే యెవురు అడుగుతారు?" చనిపోయిన అక్క స్థానంలో చెల్లెలు పోవడం మా వాళ్లలో కొత్తేమీ కాదు. ఎవరికీ అది తప్పుగా తోచదు. చిన్నమ్మకు ఇష్టం లేదు. నాయన అంటే కోపమేం లేదు. "మీ నాయన మంచోడే పాపా. మంచోడని పెండ్లి చేసుకోవాలంటే మంచోళ్లు శానామంది ఉండారు" అని నాతోనే అన్నది ఒకసారి. ఆమెకు కావలసింది ఆ గది, ఆ తాడు, ఆ పిల్లలు. ఒక ఏడాది అవ్వ నస భరించలేక మాటిచ్చేసింది. "బడి ఉన్నన్నాళ్లు నా పెండ్లి మాట యెత్తాకు. బడి మూసిన దినమే మూట గట్టుకోని వస్తా. నువ్వు యెవురికి కట్టబెడితే వాళ్లనే చేసుకుంటా." అవ్వ వెంటనే దేవుణ్ణి సాక్షిగా పిలిచింది.

నేను ఆ మూలనే పడుకుని విన్నాను. నాకు మాత్రం ఆ పెళ్లి జరగాలని ఉండేది. దాచడానికేముంది. బళ్లో అందరికీ అమ్మలున్నారు. నాకు చిన్నమ్మ ఉంది, కానీ ఆమెను అమ్మా అని పిలవడానికి లేదు. నాయనా, చిన్నమ్మా, నేనూ ఒక ఇంట్లో ఉండి ఒక పళ్లెంలో సంగటి తింటున్నట్టు ఊహించుకుని దిండును కావలించుకునేదాన్ని. చిన్నమ్మకు ముడి అయినది నాకు విడుపుగా కనబడేది. ఒకే తాడు, చెరొక కొన పట్టుకుని ఉన్నాం ఇద్దరం. ఆ వయసులో నాకది ఇట్లా మాటల్లో తెలియదు.

ఆ మరుసటి ఏడు కూడా వాన మొహం చాటేసింది. విత్తిన వేరుశనగ మొలక మాడిపోయింది. ముందు ఎద్దులు పోయాయి, తర్వాత మనుషులు. బేతంచెర్ల దగ్గర బండల గనుల్లో కూలి దొరుకుతుందని ఒక్కో ఇల్లూ తలుపు దగ్గరేసి, కుండా చట్టీ నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. పిల్లలూ వెళ్లారు. పెద్దవాళ్లు బండ కోస్తుంటే పిల్లలు రాతి చెక్కలు ఏరి మోయాలి. బళ్లో వరుసలు పలచబడ్డాయి. పాస్టరయ్య వచ్చి పిల్లల్ని చూశాడు, గోడలు చూశాడు. "సగం మంది కూడా లేకుంటే పైవాళ్లు బడి ఉంచరమ్మా. నా చేతిలో లేదు" అని చెప్పి వెళ్లాడు. చిన్నమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. ఒక మనిషి బండల మీద ఒట్టి కాళ్లతో అటూ ఇటూ నడిచే చప్పుడు ఇప్పటికీ నాకు తెలుసు.

మర్నాడు మిగిలిన పిడికెడు మంది ముందు ఆమె కొత్త కథ మొదలుపెట్టింది. "ఒక ఊర్లో ఒక బడి. పిల్లోళ్లంతా ఊరిడిసి పోయినారు. బడి ఒకటే మిగిలింది." తాడుకు ముడి వేసింది. ముడి సరిగా పడలేదు, మళ్లీ వేసింది. కథ ఎవరిదో పిల్లలకు తెలిసిపోయింది. ఎవరూ వాన మాట ఎత్తలేదు. సుంకులమ్మ లేచింది. "రేపు మేము గూడా పోతాండాం టీచరమ్మా" అంది. చిన్నమ్మ మొహం పాలిపోయింది. సుంకులమ్మ ముక్కు తుడుచుకుని, "బడి ఈడ్నే ఉండల్లని యెవురు చెప్పినారు? పిల్లోళ్లు యాడుంటే ఆడికి పోతే బడి గాదా?" అంటూ తనే వెళ్లి ముడి విప్పేసింది. చిన్నమ్మ, నేను ఆమెను చూసిన అన్నేళ్లలో అదొక్కసారే, కింద కూర్చుంది.

నల్లబల్ల, చేంతాడు, వంట సామాను, నేను ఒక ఎద్దుల బండిలో. తలుపుకు బీగం వేసి చిన్నమ్మ బండి పక్కన నడిచింది. గని దగ్గర నీడ అనేది లేదు. నిలువు బండలకు అడ్డ బండలు ఆనించి కూలివాళ్లు గూళ్లలాంటివి కట్టుకున్నారు. రోజంతా సమ్మెట దెబ్బలు. తెల్లటి దుమ్ము కనురెప్పల మీద, సంగటి మీద, చెవుల్లో. "ఈడ బడేంది టీచరమ్మా, చెక్కలు యెవురు మోస్తారు?" అని మద్దిలేటి వాళ్ల నాయన అడ్డం పడ్డాడు. చిన్నమ్మ బతిమాలలేదు. "నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మీరు సమ్మెట పట్టుకోలేరు గదప్పా. ఆ పొద్దు నాకియ్యండి" అంది. అట్లా మధ్యాహ్నం అందరూ ఆ గూళ్ల నీడలో వాలినప్పుడు మా బడి నడిచేది. పలకలకు కొదవేముంది, పలచటి రాతి చెక్కలు కాళ్ల కింద కావలసినన్ని. దూలం లేదు గనక తాడును ఇద్దరు పిల్లలు చెరోవైపు పట్టుకునేవాళ్లు. పడుకున్న కూలివాళ్లు కూడా కళ్లు మూసుకునే కథ వినేవాళ్లు. నడుమ లేచి, "యేమప్పా, ఆ గుడ్డు కోడి యెవురిదైతే వాళ్లదే" అని తగవు పెట్టుకునేవాళ్లు.

పాస్టరయ్య అక్కడికీ వచ్చాడు. సైకిలు దుమ్ములో దిగబడితే నెట్టుకుంటూ వచ్చాడు. పిల్లలందరినీ ఒకచోట చూసి సంతోషపడ్డాడు, అంతలోనే దిగులుపడ్డాడు. "బడి అంటే గోడలమ్మా. పైవాళ్లు అడిగేది గోడలే. అయినా రాస్తాను. జవాబు వచ్చేదాకా యేమీ చెప్పలేను" అన్నాడు. ఆయన నోట్లో మాట ఆగదు గనక, బడికి బీగం పడిన సంగతి కడప దాకా పాకింది. ఒక మధ్యాహ్నం పాఠం నడుస్తుండగా, రైలు స్టేషన్ వైపు నుంచి అవ్వ వస్తూ కనబడింది. చంకలో ఆకువక్క సంచి. వెనకాల నాయన.

అవ్వ నీళ్లు కూడా అడగలేదు. "బీగమేసినావంట. మాట మాటే. మూట గట్టు" అంది. "బీగం గోడలకేసినా. బడి ఇదో, ఈడ ఉండాది" అంది చిన్నమ్మ. "ఎండలో బండలకాడ కూర్చుంటే బడా? రేపు చెట్టు కింద కూర్చోని అదీ బడంటావు. దేవుని సాక్షిగా చెప్పినావు." చిన్నమ్మ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి ఆమె, అదే ఆమెకు వచ్చిన చిక్కు. నాయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. చంకలోంచి కాగితం పొట్లం తీసి, నా ముందు గొంతుక్కూర్చుని, కొత్త చెప్పులు నా కాళ్లకు తొడిగాడు. ఆయన చేతులకు ఆసుపత్రి ఫినాయిలు వాసన. చెప్పులు పెద్దవి. "పెరుగుతాది గదా" అన్నాడు, నాతో కాదు, చెప్పులతో అన్నట్టు. తర్వాత వెళ్లి మద్దిలేటి పక్కన పిల్లల వరుసలో కూర్చున్నాడు.

చిన్నమ్మ తాడు అందుకుంది. "ఒక ఊర్లో ఒక అవ్వ. ఆమెకు ఇద్దరు బిడ్డలు. పెద్ద బిడ్డ సచ్చిపోయింది, పసిపిల్లను ఇడిసిపెట్టి." అవ్వ "నోరు ముయ్" అని అరిచింది. చిన్నమ్మ ఆగలేదు. నిబ్బరంగా, ఎవరి పక్షమూ పట్టకుండా చెప్పింది. ఆ ముసలామెకు మనవరాలి మీద ఎంత బెంగో చెప్పింది. ఆ తండ్రి ఒంటరితనం చెప్పింది. మాటిచ్చిన చెల్లెలి సంగతీ చెప్పింది. చెప్పి తాడు మధ్యలో గట్టి ముడి వేసింది. "ముడి యెవురికి పడింది?" అని అడిగింది. పిల్లలు తలా ఒకటి అన్నారు. "పాపకు. అమ్మ లేదు గదా." "కాదు, అవ్వకు." "ఆ చిన్నమ్మకురా, ఆయమ్మను యెవురన్నా అడిగినారా?" అని సుంకులమ్మ. పడుకున్న కూలివాళ్లు లేచి కూర్చున్నారు. సమ్మెట చప్పుడు లేదు. ఎవరూ విప్పడానికి రాలేదు. అప్పుడు చిన్నమ్మ నా వైపు చూసింది. రమ్మని కాదు, వద్దని కాదు, ఊరికే చూసింది.

నేను లేచాను. పెద్ద చెప్పులు టపటపలాడాయి. ఏం చెప్పాలని లేచానో నాకే తెలియదు. నాకు కావలసిన జవాబు నా నోటి దాకా వచ్చే ఉంది, అది చెబితే చిన్నమ్మ ఆరోజే బయల్దేరేది. తాడు పట్టుకున్నాను. ఆ పీచు గరుకు తగలగానే పొద్దున వంకలో చెలమ దగ్గర ఆమె తిరగడం, నాకు తల దువ్వుతూ తిరగడం, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరగడం గుర్తొచ్చాయి. "ఆ పాపకు చిన్నమ్మ ఉండాది గదా. ఆయమ్మకాడనే ఉండాది, ఆయమ్మకాడనే ఉంటాది. ఇంగ ముడి యాడుండాది?" అన్నాను. ముడి చేత్తో రాలేదు. పళ్లతో లాగాను. నోరంతా దుమ్ము, పీచు. చివరికి విడిపోయింది.

"పిల్లది పలికిందా, నువ్వు పలికిచ్చినావా?" అని అవ్వ లేచింది. చిన్నమ్మ జవాబు చెప్పేలోపే పిల్లల వరుసలోంచి నాయన గొంతు వినబడింది. "పాప సరిగానే చెప్పింది అత్తా. ఇంగ ఆ మాట ఇడిసిపెట్టండి" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట అనడం నేను అంతకుముందు వినలేదు. అవ్వ కాసేపు ఆయన్నే చూసి, సంచి విప్పి రోలు తీసి, ఆకు దంచుకోవడం మొదలుపెట్టింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ సాయంత్రమే వాన వచ్చింది. తూర్పున నల్లబడ్డ మబ్బు చూస్తుండగానే మీదికొచ్చింది. గనిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. మనుషులు సమ్మెటలు అక్కడే పడేసి వానలో గంతులేశారు. పొద్దున్నే విత్తడానికి ఊరికి పోవాలని అప్పటికప్పుడు మూటలు కట్టుకున్నారు. మద్దిలేటి చెప్పినట్టే అయింది, యుద్ధం చేసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బడికి గోడలు వచ్చాయి, పిల్లలు వచ్చారు, పైవాళ్ల జవాబుతో పని లేకుండా పోయింది. అందరూ తడుస్తూ నవ్వుతుంటే మా చిన్నమ్మ ఒక్కతే తడుస్తూ పళ్లు కొరుకుతోంది. "ఒక్క వారం ఆగలేకపోయిందా! ఇంగ అంతా వాన చేసిందే అంటారు" అంది. వాన మీద కోపం తెచ్చుకున్న మనిషిని ఈ సీమలో ఆమెనొక్కదాన్నే చూశాను. ఆమె అన్నట్టే అన్నారు. పాస్టరయ్య ఆదివారం ప్రసంగంలో అన్నాడు. అవ్వ కడపలో ఇంటింటికీ చెప్పింది, దేవుడు వాన పంపి నా బిడ్డ మొండితనం నిలబెట్టినాడని.

చిన్నమ్మ పెళ్లి చేసుకోలేదు. నాకు పెళ్లయ్యేదాకా నన్ను సాకింది, రిటైరయ్యేదాకా ఆ తాడు మార్చలేదు. నాయన రెండేళ్ల తర్వాత ఎవరినో చేసుకున్నాడు. ఆమె మంచిదే. సెలవులకు పోతే నాకు కంచం కడిగి పెట్టేవాళ్లు, చుట్టానికి పెట్టినట్టు. ఇప్పుడు ఆ పల్లెకు తారు రోడ్డు ఉంది, బోరు నీళ్లున్నాయి. పిల్లల్ని మాత్రం పొద్దున్నే పసుపు బస్సు వచ్చి టౌనుకు తీసుకుపోతుందట. ఆ గది ఆదివారమే తెరుస్తారని విన్నాను. షారోన్ వాళ్ల టీచరు మంచి పిల్ల, తప్పు పట్టను. కానీ ఆ కాగితం మీద రెండే గళ్లు. ముడి ఎవరికి పడిందని అడిగే గడి లేదు. అది లేకుండా మిగతా రెండూ ఎట్లా నింపుతారో నాకు అర్థం కాదు. నా కాలంలో అన్నీ బాగుండేవని కాదు, కడుపు నిండేది కాదు, నీళ్లకే సగం జీవితం పోయేది. అయినా ఒక పిల్ల కథ మధ్యలో లేచి పెద్దవాళ్ల ముందు తాడు పట్టుకోగలిగేది.

ఇదంతా షారోన్‌కు చెప్పాను. లోపల మేస్త్రీలు పని ఆపి చేతులు కడుక్కుంటున్నారు. అది పెన్సిలు నోట్లోంచి తీయకుండా మొత్తం వింది. నేను గర్వంగానే ముగించానేమో. అది ఒక్క నిమిషం ఆలోచించి అడిగింది.

"మరి మీ నాయనకు నువ్వు కావాలని లేదా జేజీ?"

ఉందో లేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇన్నేళ్లలో ఈ కథ ఎంతమందికి చెప్పానో, చిన్నమ్మ వైపు నుంచి చెప్పాను, నా వైపు నుంచి చెప్పాను, అవ్వ వైపు నుంచి కూడా చెప్పాను. వరుసలో చివర కూర్చుని, "పాప సరిగానే చెప్పింది" అన్న మనిషి వైపు నుంచి ఒక్కసారీ చెప్పలేదు. ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. పెరిగే కాళ్లకు సరిపోయేలా పెద్ద చెప్పులు తెచ్చాడు. ఆ కాళ్లు తన ఇంట్లో పెరుగుతాయని తెచ్చాడు.

ఆ వాన పడిన మర్నాడు అవ్వనూ నాయననూ రైలెక్కించడానికి చిన్నమ్మా నేనూ స్టేషన్‌కు వెళ్లాం. సన్నగా జల్లు పడుతూనే ఉంది. అవ్వ కిటికీ పక్కన కూర్చోనంది, తడుస్తానని. అందుకని నాయన కూర్చున్నాడు. రైలు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, నా మొహం వైపు కాదు, నా కాళ్ల వైపు చూస్తూ, "చెప్పులు తడపాకు పాపా" అన్నాడు.

నేను అప్పటికే నీళ్లలో నిలబడి ఉన్నాను.